నొప్పి డ్రైవరుది, సీటు ఓనరుది

బండి నడిపి బతికేవాళ్లలో నడుం నొప్పిని జబ్బుగా లెక్కేసేవాళ్లు తక్కువ. లారీ, బస్సు, ఆటో, క్యాబ్, ట్రాక్టర్, ఏదైనా సరే, పదేళ్లు నడిపాక నడుము పట్టేయడం మామూలేనని ముందే సర్దుకుపోతారు. ఓనరూ అదే అంటాడు, డిపోలో అధికారీ అదే అంటాడు. నొప్పి ముదిరి డ్యూటీకి రాలేని రోజు వచ్చిందా, తప్పు డ్రైవరు మీదికి మళ్లుతుంది: సరిగా కూర్చోడు, పొట్ట పెంచాడు, కసరత్తు చేయడు. ఈ మాటల్లో కొంత నిజం ఉంది. అయితే డ్రైవరు వెన్ను మీద రోజూ ఎంత భారం పడాలో తేల్చేవి ముఖ్యంగా నాలుగు: సీటు, రోడ్డు, వేగం, డ్యూటీ గంటలు. వీటిలో పూర్తిగా అతని చేతిలో ఉన్నది ఒక్కటీ లేదు. వేగం అతని కాలి కిందే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, ట్రిప్పు టైమో, లోడు దించాల్సిన గడువో దాన్ని ముందే ఖాయం చేసి ఉంటుంది.

డ్రైవింగ్‌కూ నడుముకూ లింకు ఉందన్నది కొత్త సంగతేం కాదు. 1975లో అమెరికాలో కెల్సీ, హార్డీ అనే పరిశోధకులు దీన్ని లెక్కగట్టారు. పని వేళల్లో సగం, అంతకు మించి బండి నడపడంలోనే గడిపే మగవాళ్లకు నడుములో పూసల మధ్య ఉండే డిస్క్ జారే ముప్పు మిగతావాళ్లకన్నా దాదాపు 3 రెట్లు ఉందని తేలింది. లారీ డ్రైవర్లలో అది 5 రెట్లకు దగ్గరగా ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో నగర రవాణా సంస్థలోని 1,449 మంది డ్రైవర్లను ఐదేళ్ల పాటు గమనించి 1998లో ప్రచురించిన అధ్యయనం ఇంకో అడుగు ముందుకు వెళ్లింది. వారానికి నడిపే గంటలు పెరిగేకొద్దీ వెన్ను గాయాలూ పెరిగాయి. పనిలో టెన్షన్, ఉద్యోగం మీద అసంతృప్తి ఎక్కువగా ఉన్నవాళ్లలోనూ గాయాలు ఎక్కువే. అంటే నడుము దగ్గర తేలే సమస్యకు డ్యూటీ చార్టులోనూ మూలం ఉందన్నమాట.

దీనికి అడ్డం వచ్చే సాక్ష్యం కూడా ఒకటుంది. ఫిన్లండ్‌లో 45 జంటల కవల సోదరులను పోల్చి 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వేశారు. ప్రతి జంటలో ఒకరు జీవితమంతా ఎక్కువగా బండి నడిపినవారు, మరొకరు కాదు. స్కాన్‌లో చూస్తే ఇద్దరి డిస్కుల అరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. డిస్క్ ఎంత అరుగుతుందన్నది చాలావరకు పుట్టుకతోనే వస్తుందన్నమాట. అయితే డ్రైవింగ్ వల్ల నడుముకు ఏమీ కాదని దీని అర్థం కాదు. అరుగుదల వేరు, నొప్పి వేరు. అసలు నొప్పే లేనివాళ్లకు తీసిన స్కాన్లను గుదిగుచ్చిన 2015 నాటి సమీక్షలో, 20 ఏళ్ల వయసువాళ్లలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. 80 ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి. అందుకే ఎంఆర్ఐ రిపోర్టులో 'డిస్క్ బల్జ్', అంటే డిస్క్ ఉబ్బింది, అన్న మాట చూడగానే ఇక స్టీరింగ్ పట్టలేమని బెంబేలెత్తాల్సిన పని లేదు. స్కాన్ బాగుందన్న కారణంతో నొప్పిని కొట్టిపారేయడమూ తగదు.

సీట్లో కూర్చోగానే వెన్నుకు ఏమవుతుందో చూద్దాం. నిలబడినప్పుడు నడుము దగ్గర లోపలికి ఒక వంపు ఉంటుంది. కూర్చుంటే కటి ఎముక వెనక్కి తిరిగి ఆ వంపు చదునవుతుంది. పూసల మధ్య ఉండే డిస్క్ ముందువైపు నొక్కుకుని, లోపలి మెత్తటి పదార్థం వెనక్కి, అంటే నరాలుండే వైపు ఒత్తుతుంది. ఆఫీసులో కూర్చునేవాళ్లదీ ఇదే పరిస్థితి. కానీ వాళ్లు పాదాలు నేలకు ఆనించి బరువు సర్దుకోగలరు, మధ్యలో లేచి నాలుగడుగులు వేయగలరు. డ్రైవరు పాదాలు పెడళ్ల మీద, చేతులు స్టీరింగ్ మీద ఉంటాయి. బండి కుదిపినప్పుడు ఆ కుదుపును ఆపడానికి కాళ్లూ లేవు, చేతులూ లేవు. అంతా వెన్నే కాసుకోవాలి. పైగా డిస్కులకు నేరుగా రక్తం అందదు. కదలికల వల్లే వాటికి పోషకాలు లోపలికి ఇంకుతాయి. గంటల తరబడి ఒకే భంగిమలో బిగుసుకుంటే ఆ దారీ మందగిస్తుంది.

దీనికి తోడు అదురు. ఊయలను దాని లయలోనే నెడితే చిన్న తోపుకే పెద్ద ఊపు వస్తుంది. కూర్చున్న మనిషి వెన్నుకూ అలాంటి సొంత లయ ఉంది: నిలువుగా సెకనుకు సుమారు 4 నుంచి 6 సార్లు. ఆ లయలో వచ్చే అదురు వెన్నులోకి తగ్గకుండా, ఇంకాస్త పెరిగి చేరుతుంది. గతుకుల దారిలో బరువు బండి పుట్టించే అదురులో చాలా భాగం దీనికి దగ్గర్లోనే ఉంటుంది. ప్రతి ఊపుకూ వీపు కండరాలు బిగుసుకోవాలని చూస్తాయి గానీ, అవి బిగుసుకునేలోపు తర్వాతి ఊపు వచ్చేస్తుంది. సాయంత్రానికి కండరాలు అలసిపోయి, భారం పూసల మీద, కట్టుగా ఉండే లిగమెంట్ల మీద పడుతుంది.

ఈ అదురుకు కొలత ఉంది. యూరప్ దేశాలు 2002లో ఒక ఆదేశం తెచ్చాయి. 8 గంటల పనికి సగటు అదురు 0.5 మీటర్ పర్ సెకండ్ స్క్వేర్ దాటితే తగ్గించే ఏర్పాట్లు యజమాని చేయాలి; 1.15 అన్నది ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడని హద్దు. అంకెల కన్నా ఆ లెక్క కట్టే తీరు ముఖ్యం. రోజువారీ మోతాదులో సమయాన్ని ఉన్నదున్నట్టు లెక్కేస్తారు, అదురు అంకెను మాత్రం అదే అంకెతో గుణించి లెక్కేస్తారు. సీటు దగ్గర అదురు 0.5 ఉన్న బండిలో 8 గంటలు కూర్చుంటే పడే మోతాదు, 0.7 ఉన్న బండిలో దాదాపు 4 గంటల్లోనే పడుతుంది. అదురు 1.0 ఉంటే 2 గంటలు చాలు. తిరగేసి చెప్పాలంటే, డ్యూటీలో ఒక గంట కోత పెట్టడం కన్నా అదురును సగం చేయడం వల్ల ఒరిగేది చాలా ఎక్కువ. పాడైన రోడ్డు మీద వేగం తగ్గించడం, మంచి సీటు వేయించడం, టైర్లలో గాలి సరిగా ఉంచడం చిన్న విషయాలుగా కనిపించేది ఈ లెక్క తెలియకే.

పెద్ద కుదుపుల లెక్క ఇంకా కఠినం. గుంతలో దిగినప్పుడు, స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరినప్పుడు తగిలే దెబ్బలను కొలిచే పద్ధతిలో కుదుపు రెండింతలైతే మొత్తంలో దాని వాటా 16 రెట్లవుతుంది. రోజంతా సాఫీగా నడిచిన బండిలో నాలుగైదు పెద్ద దెబ్బలే ఆ రోజు భారంలో సింహభాగం కావచ్చు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, గుండ్రటి వీపుతో ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా దాటాలన్నది లెక్క. మన కాలనీల్లో, ఊరి మొదట్లో రాత్రికి రాత్రి పోసేసే సిమెంటు దిమ్మెలకు ఈ కొలతలతో సంబంధం ఉండదు. వాటి మీద రంగు చారలు కూడా ఉండవు కాబట్టి చీకట్లో డ్రైవరుకు ముందు తెలిసేది నడుముతోనే.

ఇక సీటు. చాలామంది ఓనర్లు, డ్రైవర్లు చేసే మొదటి పని మెత్తటి ఫోమ్ వేయించడమో, దిండు పెట్టుకోవడమో. మామూలు ఫోమ్ సీటుకూ ఒక లయ ఉంటుంది, అది సెకనుకు సుమారు 4 సార్లు. వెన్ను లయ దగ్గరే ఇదీ ఉంది. ఏ సీటైనా తన లయకు దాదాపు ఒకటిన్నర రెట్లు దాటిన అదురునే తగ్గించగలదు. దానికి దగ్గర్లో ఉన్నదాన్ని పెంచుతుంది. అంటే కూర్చోగానే హాయిగా అనిపించే దిండు, వెన్నుకు చేటు చేసే అదురును కాస్త పెంచి పంపే అవకాశం ఉంది. సస్పెన్షన్ ఉన్న సీట్ల లయ దీనికన్నా బాగా తక్కువ. గాలి సంచి మీద నిలిచే ఎయిర్ సీట్లదైతే సెకనుకు ఒకటీ ఒకటిన్నర సార్లే. అందుకే అవి పని చేస్తాయి.

సస్పెన్షన్ సీటు ఉన్న బండిలో కూడా ఒక తిరకాసు ఉంది. డ్రైవరు బరువుకు తగ్గట్టు బిగించుకోవడానికి సీటుకు ఒక నాబ్ ఉంటుంది. పాత డ్రైవరు సన్నటి మనిషి, కొత్తగా ఎక్కినవాడు భారీ మనిషి అనుకుందాం. నాబ్ తిప్పకపోతే సీటు అప్పటికే అడుగుకు దిగి ఉంటుంది. గుంత రాగానే ఇనుముకు ఇనుము తగిలి టక్కున కొడుతుంది. సస్పెన్షన్ లేని సీటు కన్నా ఇది ఘోరం. ఆర్టీసీ బస్సులో ఒకే సీట్లో షిఫ్టు మారిస్తే మనిషి మారతాడు. ముందుకు వెనక్కి జరిపే లీవరు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటే పొట్టివాడు సీటు అంచున కూర్చుని క్లచ్ తొక్కాలి, పొడుగువాడు మోకాళ్లు మడుచుకోవాలి. బ్రేకు పనిచేయలేదంటే బస్సు డిపో దాటదు. సీటు లీవరు పనిచేయలేదని రిజిస్టరులో రాస్తే అదే రోజు బాగుచేసే డిపో ఎన్ని? డ్రైవరే టికెట్లు కొట్టే సర్వీసుల్లో, వాళ్లను టిమ్ డ్రైవర్లంటారు, ఈ బాధకు నడుము పక్కకు తిప్పడం కూడా తోడవుతుంది. ఎక్కే ప్రతి ప్రయాణికుడికీ ఒకసారి.

లారీల సంగతి వేరు. మన దేశంలో చాలా ఏళ్లు లారీని ఛాసిస్‌గా కొని, క్యాబిన్, బాడీ బయట కట్టించుకోవడమే ఆనవాయితీ. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ పని మీదే ఎన్నో షెడ్లు బతికాయి. చెక్క క్యాబిన్, చెక్క పలక మీద పరుపు, వెనక ఆనుకోవడానికి నిటారు గోడ. బాడీ కట్టే మేస్త్రీకి ఓనరు చెప్పేది లోడు ఎంత పట్టాలన్నదే, డ్రైవరు వీపు ఎక్కడ ఆనాలన్నది కాదు. కంపెనీ క్యాబిన్లు పెరిగాక పరిస్థితి మెరుగైంది. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే మధ్య తరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి కూడా అయింది. ఎండలకు అది మంచి పనే. వేడి గురించి చేసిన ఆలోచన అదురు దాకా ఎప్పుడు వస్తుందో చూడాలి. ఇంకో సంగతి: ఖాళీ లారీ లోడు లారీ కన్నా ఎక్కువ ఎగురుతుంది. దాని కమాన్లు, అంటే చక్రాల మీది ఇనుప పట్టీల స్ప్రింగులు, బరువు మోయడానికి బిగువుగా చేసినవి, బరువు లేనప్పుడు అవి ఒంగవు. లోడు దించి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు త్వరగా ఇంటికి చేరాలని తొక్కేది కూడా ఆ దారిలోనే.

ఆటో డ్రైవరు కష్టం కంటికి కనిపిస్తూనే ఉంటుంది. షేర్ ఆటోలో ముందు సీట్లో అటొకరు ఇటొకరు ఎక్కితే అతనికి దక్కేది జానెడు అంచు. ఒక తొడ మీద బరువు, నడుము ఓ పక్కకు మెలితిరిగి, చేతులు మాత్రం హ్యాండిల్ మీద తిన్నగా. చిన్న చక్రాలు కాబట్టి కారుకు తెలియని గుంత కూడా ఆటోకు గొయ్యే. ముందు ఎవరినీ ఎక్కించకూడదని రూలు ఉండనే ఉంది. ఆ రెండు టికెట్ల డబ్బుతోనే ఆ పూట ఫైనాన్స్ కిస్తీ గడుస్తుంటే రూలు ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

నడుము పట్టేసే ఘట్టం మాత్రం తరచూ బండి ఆగాకే వస్తుంది. మూడు నాలుగు గంటలు ఒంగి కూర్చున్నాక వెన్నులోని లిగమెంట్లు సాగి వదులుగా ఉంటాయి, కండరాలు అలసి ఉంటాయి. అవి మళ్లీ బిగువు పొందడానికి కొంత సమయం కావాలి. సరిగ్గా అప్పుడే డ్రైవరు క్యాబిన్ నుంచి కిందికి దూకి, పట్టా తాడు లాగడం మొదలుపెడతాడు. గ్యాస్ బండి నడిపే అతనైతే దిగీ దిగగానే నిండు సిలిండర్‌ను భుజానికెత్తుతాడు. లోపలి గ్యాస్ 14.2 కిలోలు, సిలిండర్‌తో కలిపి సుమారు 30 కిలోలు. బండి దిగాక నాలుగైదు నిమిషాలు అటూ ఇటూ నడవడం, నడుము మీద చేతులు పెట్టి వెనక్కి నెమ్మదిగా నాలుగుసార్లు వంగడం, ఆ తర్వాతే బరువు ముట్టుకోవడం. దీనికి పైసా ఖర్చు లేదు. క్యాబిన్ నుంచి దూకకుండా మెట్టు మీద కాలు పెట్టి, చేతులతో పట్టుకుని, బండి వైపు ముఖం పెట్టి దిగాలి. క్లీనర్లు తగ్గిపోయి డ్రైవరే అన్నీ చూసుకోవాల్సి వస్తున్న ఈ రోజుల్లో దీన్ని పట్టించుకోవాల్సిన అవసరం ఇంకా పెరిగింది.

డ్రైవరు తన వంతుగా చేయగలిగినవి ఇంకొన్ని ఉన్నాయి. పిరుదులు సీటు మూలకు ఆనేలా వెనక్కి జరిగి కూర్చోవాలి. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండేంత దగ్గరకు సీటు జరుపుకోవాలి. వీపు ఆనే పలక నిటారుగా కాక, కాస్త వెనక్కి వాలి ఉండాలి. నడుము వంపు దగ్గర మడిచిన తువ్వాలు పెట్టుకోవడం పాత పద్ధతే అయినా మంచిదే. అది నడుము వెనక ఉండాలి, కింద కాదు. వెనక జేబులోని పర్సు, సెల్‌ఫోన్ తీసేయాలి. అవి ఒక పక్క ఎత్తుగా ఉండి కటిని వంచడమే కాక, కాలిలోకి దిగే నరాన్ని నొక్కుతాయి. ఇంకో చిట్కా: నిటారుగా కూర్చున్నప్పుడే మధ్య అద్దాన్ని సర్దుకోవాలి. రెండు గంటల తర్వాత వెనక దారి సరిగా కనిపించడం లేదంటే తప్పు అద్దానిది కాదు, తాను కిందికి జారిపోయాడని అర్థం.

మందుల షాపుల్లో దొరికే నడుం బెల్టు మీద చాలామందికి గట్టి నమ్మకం. నొప్పి రాకుండా అది ఆపుతుందనడానికి ఆధారం లేదని, వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. బరువులు ఎలా ఎత్తాలో ఒక పూట క్లాసు చెప్పి పంపేయడం వల్లా పెద్దగా లాభం లేదు. ఉన్నంతలో బలమైన ఆధారం వ్యాయామానిదే. జామా ఇంటర్నల్ మెడిసిన్‌లో 2016లో వచ్చిన సమీక్ష ప్రకారం క్రమం తప్పని వ్యాయామం వల్ల నడుం నొప్పి వచ్చే ముప్పు సుమారు 35 శాతం, దానికి అవగాహన కూడా తోడైతే 45 శాతం తగ్గుతుంది. మానేస్తే మాత్రం ఆ లాభం ఎక్కువ కాలం నిలవదు. తెల్లవారుజామున 4 గంటలకు డ్యూటీ ఎక్కి రాత్రి 9కి దిగే మనిషికి ఈ సలహా ఇవ్వడం తేలికే. అందుకే మాట మళ్లీ గంటల దగ్గరికే వస్తుంది.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలని హద్దు పెట్టింది. ఏకబిగిన 5 గంటలకు మించి పని చేయించకుండా కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. అయితే అది ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే. ఒకటి రెండు లారీలున్న ఓనర్లు, తన బండి తానే నడుపుకునేవాళ్లు దాని బయటే ఉండిపోయారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో ఈ చట్టం కలిసిపోయింది. యాప్ చూపే ఇన్సెంటివ్ కోసం పద్నాలుగు గంటలు నడిపే క్యాబ్ డ్రైవరు ఏ లెక్కలోకి వస్తాడన్నది ఇంకా నలుగుతున్న ప్రశ్నే. వెన్ను వరకు చూస్తే 5 గంటల తర్వాత అరగంట కన్నా, గంటన్నర, రెండు గంటలకోసారి దిగి ఐదు నిమిషాలు నడవడం మేలు. బస్సు షెడ్యూల్ వేసేవాళ్లు ప్రతి చివరి స్టాపులో ఆ ఐదు నిమిషాలను రాతలోనే ఇస్తే తప్ప అది జరగదు.

నొప్పి మొదలయ్యాక జరిగే నష్టం ఎక్కువగా దాచుకోవడం వల్లే. మెడికల్‌లో అన్‌ఫిట్ చేస్తారన్న భయం ఆర్టీసీ డ్రైవరుకు, ట్రిప్పు వేరేవాడికి పోతుందన్న భయం లారీ డ్రైవరుకు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని మళ్లీ స్టీరింగ్ ఎక్కుతారు. నొప్పి తెలియకుండా పోతుంది గానీ అదురు ఆగదు. కొత్తగా వచ్చిన నడుం నొప్పి చాలావరకు కొద్ది వారాల్లో దానంతటదే తగ్గుతుంది. మంచం పట్టడం కన్నా మెల్లగా తిరుగుతూ ఉండటమే మంచిది. ఆ రోజుల్లో తక్కువ దూరం డ్యూటీ, బరువుల్లేని పని ఇస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. కొన్ని లక్షణాలకు మాత్రం ఆగకూడదు. మూత్రం బిగుసుకుపోవడం లేదా తెలియకుండా పోవడం, తొడల మధ్య, మర్మాంగాల దగ్గర మొద్దుబారడం, పాదం పైకి లేవకపోవడం కనిపిస్తే అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో వచ్చే నడుం నొప్పిని, పెద్ద దెబ్బ తగిలాక వచ్చినదాన్ని కూడా వెంటనే చూపించాలి.

ఏళ్ల తరబడి సీట్లో పడిన అదురు వల్ల వచ్చే నడుము డిస్క్ జబ్బును జర్మనీ 1993లో, ఫ్రాన్స్ 1999లో వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చాయి. పరిహారం ఇవ్వాల్సి వస్తుందంటే సీటు మీద ఖర్చు పెట్టడానికి యజమానికి కారణం దొరుకుతుంది. మన దగ్గర బండి బోల్తా పడి నడుము విరిగితే ప్రమాదం జరిగిందని చూపించవచ్చు. ఇరవై ఏళ్ల కుదుపులను కాగితం మీద చూపించడం ఎలా?

కొలవడం ఒక దారి. అందుకు ఒకప్పుడు ఖరీదైన యంత్రాలు కావాల్సి వచ్చేది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ పరిశోధకులు గనుల్లోని వాహనాల కోసం ఐపాడ్, ఐఫోన్‌లలోని సెన్సర్‌తోనే సీటు అదురును కొలిచే యాప్ తయారుచేశారు. యంత్రమంత కచ్చితం కాకపోయినా, ఏ సీటు ప్రమాదకరమో పట్టుకోవడానికి అది సరిపోతుంది. ఇరవై బండ్లున్న ట్రాన్స్‌పోర్టు ఓనరు ఒకే రూటులో, ఒకే వేగంతో బండి మార్చి బండి కొలిపిస్తే, ముందుగా ఏ మూడు సీట్లు మార్పించాలో వారం తిరక్కుండా తెలుస్తుంది. ఆ కాగితం కాపీ ఒకటి డ్రైవరు దగ్గర కూడా ఉండాలి.